గాఢా అంటే మజ్బూత్ కాదు

నాకు రెండు భాషలు. ఇంట్లో, బడిలో ఉర్దూ. డిగ్రీలో, ఆ తర్వాత నౌకరీలో తెలుగు. చాలా విషయాల్లో దేని దారి దానిదే. ఒక్క దగ్గర మాత్రం రెండింటికీ పూర్తి ఇత్తెఫాక్ ఉంది: పల్చగా ఉన్నది మంచిది కాదు.

తెలుగులో మర్యాద పోగొట్టుకున్నవాడు నలుగురిలో పల్చనవుతాడు. ఉర్దూలో చేతిలో పైసల్లేనివాడి హాలత్ పత్లీ అవుతుంది. దావత్‌లో దాల్చా పత్లాగా ఉంటే పెళ్లికూతురి అబ్బా ఇజ్జత్ మీదికే వస్తుంది. పాలు పల్చగా కనిపిస్తే నీళ్లు కలిపారని షక్. అదే గాఢం అనండి, రెండు భాషలూ లేచి నిలబడి సలాం కొడతాయి. అక్కడ గాఢ స్నేహం, ఇక్కడ గాఢీ దోస్తీ. ఆరు వందల మైళ్ల దూరం నుంచి వచ్చినట్టుండే రెండు భాషలు ఒక్క మాట దగ్గర కలిసి కూర్చోవడం నాకు ఎప్పుడూ ఖుషీగానే ఉండేది.

కాని అదే ఖయాల్‌తో కారు ఇంజిన్‌లో ఆయిల్ పోస్తే మాత్రం పప్పులో కాలేసినట్టే. మా ఇంట్లో అదే జరిగింది.

మా దూల్హాభాయ్ క్యాబ్ నడుపుతారు. 1.2 లీటర్ల పెట్రోల్ కారు, సెకండ్ హ్యాండ్‌లో కిస్తీల మీద కొన్నది. కిందటి వేసవికి ఎనభై వేల కిలోమీటర్లు దాటింది. ఆయిల్ మార్చే టైమొచ్చింది. పాతబస్తీలో మాకు చిన్నప్పట్నుంచీ తెలిసిన ఒక ఉస్తాద్ ఉన్నారు. అందరం ఆయన్ని చచ్చా అనే పిలుస్తాం. బండి ఆయన దగ్గరికే వెళ్లింది. నేనూ వెంట ఉన్నాను.

చచ్చా రెండు డబ్బాలు తెచ్చారు. మొదటి దానిలోంచి ఒక బొట్టు బొటనవేలి మీద వేసుకుని చూపుడువేలితో రాశారు. "చూడు మియా, ఇది పత్లా. నీళ్ల లెక్క జారుతున్నది. మన ఎండలకు ఇది ఆగదు." రెండో డబ్బాలోంచి ఇంకో బొట్టు. వేళ్లు విడదీస్తే తీగలా సాగింది. "ఇది చూడు. ట్వంటీ ఫిఫ్టీ. గాఢా మాల్. బండి పాతదైంది, దీనికి ఇట్లాంటి మజ్బూత్ ఆయిలే పడాలె."

నేను చాయ్ తాగుతూ తల ఊపాను. అంతా సబబుగానే అనిపించింది. పల్చటిదాని మీద నాకున్న బద్‌గుమానీ ఆయనకున్నదే కదా.

దూల్హాభాయ్‌కి ఒక మంచి ఆదత్ ఉంది. పెట్రోల్ పోయించిన ప్రతిసారీ ఒక కాపీలో రాసుకుంటారు. లీటరుకు 17 వరకూ వచ్చేది ఆ తర్వాత 16 దగ్గర ఆగిపోయింది. ఏసీ వల్లనేమో అనుకున్నారు. రోజుకు నూటయాభై కిలోమీటర్లు తిరిగే బండికి ఒక్క కిలోమీటరు తగ్గితే రోజుకు అర లీటరు పెట్రోల్ పోయినట్టు. నెలకు ఎంతో మీరే హిసాబ్ వేసుకోండి. తర్వాత పొద్దున్నే స్టార్ట్ చేయగానే రెండు మూడు సెకన్లు గొలుసు కదిలినట్టు కటకట చప్పుడు. ఇంకొన్నాళ్లకు డ్యాష్‌బోర్డు మీద పసుపు పచ్చ ఇంజిన్ లైటు. ఒక చోట సెన్సర్ మార్చారు, నాలుగు వేలు. వారంలో లైటు మళ్లీ వచ్చింది. ఇంకో చోట ఇంజిన్ ముందు భాగం విప్పాలన్నారు, పాతిక వేల దాకా అవుతుందన్నారు. ఆ రాత్రి దూల్హాభాయ్ ఫోన్ చేశారు. "ఈ నెల కిస్తీ కట్టాల్నా, బండి విప్పించాల్నా, నువ్వే చెప్పు" అన్నారు. పేపర్లో పనిచేసేవాడికి అన్నీ తెలుసని మా ఖాందాన్‌లో అందరికీ ఒక యకీన్.

నాకేమీ తెలియదు. తెలిసిందల్లా చదవడమే. మర్నాడు కారు డ్యాష్‌బోర్డు డబ్బా తెరిచాను. ఇన్సూరెన్స్ కాగితాలు, ఒక తస్బీహ్, సోంపు పొట్లం, వాటి కింద పాత ఓనర్ ప్లాస్టిక్ కవర్ కూడా తీయని కంపెనీ పుస్తకం. మూడు వందల పైచిలుకు పేజీలు, అంతా ఇంగ్లీషు. ఆయిల్ గురించి ఒకటే పేజీ. అందులో ఒక చిన్న పట్టిక. ముందు వరసలో 5డబ్ల్యూ-30 అని ఉంది. 20డబ్ల్యూ-50 ఆ పట్టికలో ఎక్కడా లేదు.

అప్పుడు మొదలైంది నా తలబ్-ఎ-ఇల్మ్. కొన్ని వారాలు ఇదే పని. నాకు అర్థమైనంత వరకు చెప్తాను.

డబ్బా మీది ఆ అంకెలు పెట్టేది ఎస్ఏఈ అనే ఇంజినీర్ల సంస్థ. అమెరికాలో పుట్టింది. 1911 నుంచీ ఇంజిన్ ఆయిళ్లను చిక్కదనాన్ని బట్టి వర్గాలుగా విడదీస్తోంది. ఆ అంకెలు నాణ్యతకు మార్కులు కావు. 50 అంటే 30 కంటే మంచిదని కాదు. చెప్పు సైజు 10 అయితే 8 కంటే మంచి చెప్పు అవుతుందా? ఇదీ అంతే.

డబ్ల్యూ అంటే వింటర్, చలికాలం. దాని ముందున్న అంకె గడ్డకట్టే చలిలో ఆయిల్ ఎంతవరకు కదులుతుందో చెప్తుంది. 20డబ్ల్యూ ఆయిల్‌ను మైనస్ 15 డిగ్రీల దగ్గర పరీక్షిస్తారు, 5డబ్ల్యూని మైనస్ 30 దగ్గర. మనకు అంత చలి లేదు. కాబట్టి ముందున్న అంకె దగ్గర మన ప్రాంతంలో కొంచెం ఎక్కువ తక్కువైనా కొంప మునగదు. అసలు సంగతి వెనక అంకెలో ఉంది. ఆయిల్ 100 డిగ్రీలకు వేడెక్కాక ఎంత చిక్కగా మిగులుతుందో చెప్పేది అదే. చిక్కదనాన్ని సెంటీస్టోక్స్‌లో కొలుస్తారు. 100 డిగ్రీల దగ్గర 30 గ్రేడ్ ఆయిల్ 9.3 నుంచి 12.5 లోపు ఉండాలి. 40 గ్రేడ్ 12.5 నుంచి 16.3 లోపు. 50 గ్రేడ్ 16.3 నుంచి 21.9 లోపు.

ఇక మన చచ్చా వేళ్ల ఇంతెహాన్‌కు వద్దాం. ఆయన వేలి మీద ఆయిల్ ముప్పై, ముప్పై అయిదు డిగ్రీల్లో ఉంటుంది. ఇంజిన్‌లో బేరింగు చూసే ఆయిల్ వంద డిగ్రీల దగ్గర ఉంటుంది. చల్లారిన పాయాను గరిటెతో కదిపి, పొయ్యి మీద మరిగేటప్పుడు అది ఎట్లా ఉంటుందో చెప్పమంటే ఎవరు చెప్పగలరు? వేళ్లకు అబద్ధమాడే ఆదత్ లేదు. అవి తమకు తెలిసిన వేడిలోనే గవాహీ ఇచ్చాయి. మనం ఆ గవాహీని వేరే కేసులో వాడుకున్నాం.

రెండో దలీల్, ఎండ. మనది వేడి దేశం కాబట్టి గాఢా ఆయిల్ కావాలంటారు. వినడానికి సబబుగానే ఉంటుంది. కాని ఇంజిన్‌లో థర్మోస్టాట్ అని ఒకటుంది. బయట డిసెంబరైనా మే నెలైనా, ఇంజిన్ నీటిని అది సుమారు 90 డిగ్రీల దగ్గర పట్టి ఉంచుతుంది. ఆయిల్ కూడా దాదాపు ఆ వేడి చుట్టుపక్కలే తిరుగుతుంది. ట్రాఫిక్‌లో, ఘాట్ రోడ్డులో ఇంకొంచెం పెరుగుతుంది. కాని బయట పదిహేను డిగ్రీలు పెరిగితే లోపలా పదిహేను పెరగాలన్న రూల్ లేదు.

ఇంకో లెక్క చూస్తే నాకే హైరానీ అనిపించింది. మామూలు 5డబ్ల్యూ-30 ఆయిల్ 40 డిగ్రీల దగ్గర అరవై, డెబ్బై సెంటీస్టోక్స్ ప్రాంతంలో ఉంటుంది. 20డబ్ల్యూ-50 బాగా వేడెక్కాక సుమారు పద్దెనిమిది. అంటే మే నెల ఎండలో నిలబెట్టిన బండిలోని "పత్లా" ఆయిల్, నడిచి నడిచి వేడెక్కిన బండిలోని "గాఢా" ఆయిల్ కంటే మూడింతలకు పైగా చిక్కగా ఉందన్నమాట. ఎండాకాలమైనా స్టార్ట్ చేసే ఘడియలో ఇంజిన్‌కు చిక్కదనం కమ్మీ ఏమీ లేదు. ఎక్కువే ఉంది. అదే 40 డిగ్రీల దగ్గర 20డబ్ల్యూ-50 నూట అరవై, ఆ పైన ఉంటుంది. పొద్దున్నే పంపు తొయ్యాల్సింది దాన్ని.

ఇంతకూ ఆయిల్ ఇంజిన్‌లో చేసే పనేమిటి? క్రాంక్ షాఫ్ట్‌కూ దాని బేరింగుకూ మధ్య సందు మామూలుగా మన వెంట్రుక మందం కంటే తక్కువ. ఆ సందులోకి ఆయిల్ చేరితే తిరిగే షాఫ్ట్ ఇనుముకు తగలకుండా ఆయిల్ మీద తేలుతుంది. ఎంత సందుకు ఎంత చిక్కటి ఆయిల్ అన్నది ఇంజిన్ గీసినప్పుడే తేలిపోతుంది. ఆయిల్ పంపు సైజు, సందులు, నాళాలు, అన్నీ ఆ లెక్క మీదే ఉంటాయి. మరీ పల్చనైతే ఆ తేలే పొర నిలవదు, ఇనుమూ ఇనుమూ రాసుకుంటాయి. మరీ చిక్కనైతే సందుల్లోకి ఆలస్యంగా చేరుతుంది, దాన్ని చిలకడానికే ఇంజిన్ తాకత్ కొంత పోతుంది. ఆ తాకత్ మీ జేబులోంచి కొన్న పెట్రోలే.

ఇప్పటి ఇంజిన్లలో ఆయిల్‌కు ఇంకో నౌకరీ కూడా ఉంది. వాల్వులు ఎప్పుడు తెరవాలో వేగాన్ని బట్టి మార్చే ఏర్పాటు చాలా కార్లలో ఆయిల్ ఒత్తిడితోనే నడుస్తుంది. టైమింగ్ గొలుసును బిగువుగా పట్టే టెన్షనర్ కూడా చాలా బళ్లలో అంతే. కంప్యూటర్ హుకుం ఇస్తుంది, ఆ హుకుంను మోసుకెళ్లే ఖాసిద్ ఆయిల్. ఖాసిద్ బరువెక్కి నెమ్మదిగా నడిస్తే హుకుం ఆలస్యంగా చేరుతుంది. కంప్యూటర్ కాసేపు చూసి లైటు వెలిగిస్తుంది. సెన్సర్ మార్చినా లైటు ఎందుకు తిరిగొచ్చిందో నాకప్పుడు అర్థమైంది.

ఆయిల్ మార్పించాం, 5డబ్ల్యూ-30. లైటు తీసేయించాం. మళ్లీ రాలేదు. మైలేజీ నెమ్మదిగా పాత దారికి వచ్చింది. పొద్దుటి కటకట తగ్గింది కాని పూర్తిగా పోలేదు. గొలుసు వయసూ అంతే ఉంది మరి. ఒక్క బండిని చూసి నేను ఫత్వా ఇవ్వను. తప్పంతా ఆయిల్‌దేనని కసమ్ కూడా తినను. కాని పాతిక వేల మరమ్మతుకు ముందు ఒక్క పేజీ చదవడం సస్తా అని మాత్రం చెప్పగలను.

ఇప్పుడు అవతలి పక్షం మాట. ఇన్సాఫ్ కావాలంటే అదీ వినాలి.

నేను పుస్తకం పట్టుకుని వెళ్లినప్పుడు చచ్చా నవ్వారు. "ఈ కితాబు రాసినోడు మన సడక్ మీద నడిపిండా? మన ధూళి, మన ట్రాఫిక్ వాడు చూసిండా?" మంచి సవాలే. పట్టికలో 40 డిగ్రీల దాకా గీత ఉంది, దాని చివర ఇంకా పైకి అని బాణం గుర్తు ఉంది. చూపించాను. ఊఁ అన్నారు.

"కంపెనీవాళ్లు మైలేజీ ఎక్కువ చూపించుకోవడానికి పత్లా ఆయిల్ రాస్తరు. నాకెర్కలేదా?" అన్నారు. ఇందులో సచ్చాయి ఉంది. పల్చటి ఆయిళ్లు ఇంతగా రావడానికి ఇంధనం ఆదా చేయాలన్న సర్కారీ నియమాలు ఒక పెద్ద కారణం. ఒకే ఇంజిన్‌కు ఒక దేశంలో ఒక గ్రేడే రాసి, ఇంకో దేశపు పుస్తకంలో రెండు మూడు గ్రేడ్లు ఇచ్చిన కంపెనీలూ ఉన్నాయి. అందుకే నేను పుస్తకంలోని మొదటి గ్రేడ్ ఒక్కటే హక్ అనడం లేదు. మీ పట్టికలో 5డబ్ల్యూ-30తో పాటు 5డబ్ల్యూ-40 కూడా ఉంటే, మీ బండి ముసలిదై ఆయిల్ తాగుతుంటే, ఎప్పుడూ బరువు లాగుతుంటే, ఆ రెండోది పోయించుకోండి. అది జాయిజే. పట్టిక ఇచ్చిన హద్దుల్లో ఎంపిక మీది. హద్దు దాటి, లేనిదాన్ని వేళ్లతో రాసి ఖాయం చేయడం మీదే నా ఏతరాజ్. ఇంకో మాట: గాఢా ఆయిల్ అరిగిన ఇంజిన్ చప్పుడును కప్పిపెడుతుంది, పొగను కొన్నాళ్లు దాస్తుంది. అరిగిన ఇనుము తిరిగి రాదు. దాచడం వేరే, ఇలాజ్ వేరే.

ఉల్టా తప్పు చేసేవాళ్లూ ఉన్నారు. పత్లాయే కొత్త ఫ్యాషన్ కదా అని, ఖరీదైన సింథటిక్ కదా అని, పాత తరం బండిలో 0డబ్ల్యూ-16 పోయించేవాళ్లు. ఆ ఇంజిన్ సందులు ఆ ఆయిల్ కోసం గీసినవి కావు. నా గొడవ చిక్కదనంతో కాదు. ఇంజిన్‌ను అడగకుండా నిర్ణయించడంతో.

డీజిల్ బండివాళ్లకు ఇంకొక్క మాట. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 డీజిల్ కార్లకు పొగ గొట్టంలో మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. వాటికి చిక్కదనం ఒక్కటే సరిపోతే చాలదు, బూడిద తక్కువ వచ్చే రకం ఆయిల్ కావాలి. పుస్తకంలో గ్రేడ్ పక్కనే ఏసీఈఏ సీ2 అనో సీ3 అనో రాసి ఉంటే, డబ్బా మీద కూడా అదే ఉందో లేదో చూడండి. పాత రకం ఆయిల్ బూడిద ఆ ఫిల్టర్‌లో పేరుకుంటుంది, అది కాలిపోయేది కాదు. ఆ ఫిల్టర్ ఖరీదు వింటే నిద్ర పట్టదు.

ఇదంతా చదివి చచ్చాను జాహిల్ అనుకుంటే నా మీద ఒట్టే. ఆయన పదేళ్ల వయసులో పానా పట్టారు. బానెట్ మూసి ఉండగానే ఇంజిన్ ఆవాజ్ విని ఏ వాల్వు వదులైందో చెప్తారు. ఆయన నేర్చుకున్న కాలంలో బళ్లు అంబాసిడర్లు, పాత జీపులు, లారీలు. ఆ ఇంజిన్లకు చిక్కటి ఆయిలే సరైనది. ఆయన ఉస్తాద్ చెప్పింది ఆనాటికి నిజం. జమానా మారింది, ఇంజిన్ మారింది. మారిందన్న ఖబర్ ఆయన దుకాణం దాకా ఎవరూ తీసుకురాలేదు.

ఎవరు తెస్తారు? కంపెనీల ట్రైనింగులు కంపెనీ వర్క్‌షాపుల్లోనే జరుగుతాయి. వారంటీ అయిపోయిన బళ్లన్నీ వచ్చేది చచ్చాల దగ్గరికి, మన గల్లీల్లోకి. ఆయనకు ఉర్దూ చదవడం బాగా వచ్చు. రోజూ పొద్దున ఉర్దూ అఖ్బార్ చదవందే షట్టర్ ఎత్తరు. తెలుగు బోర్డులు కూడబలుక్కుని చదువుతారు. ఆ ఒక్క పేజీ మాత్రం ఇంగ్లీషులో ఉంది. మూడు వందల పేజీలు తర్జుమా చేయమని నేను అడగడం లేదు. ఆయిల్ గ్రేడ్, ఎన్ని లీటర్లు, ఎన్ని కిలోమీటర్లకు మార్చాలి: ఈ మూడు ముక్కలు తెలుగులో, ఉర్దూలో ఒక స్టిక్కర్ మీద వేసి బానెట్ లోపల అంటించడానికి కంపెనీకి అయ్యే ఖర్చెంత? దోశ పిండి ప్యాకెట్ మీద తెలుగు అచ్చేస్తున్నారు. లక్షలు పోసి కొన్న బండికి ఆ మాత్రం హక్కు లేదా? కొన్ని కార్లలో ఆయిల్ పోసే మూత మీదే గ్రేడ్ అచ్చు వేసి ఉంటుంది. అన్నింటికీ అట్లా ఎందుకు వేయరు?

అప్పటిదాకా మనం చేయగలిగింది మనం చేద్దాం. ఆయిల్ డబ్బా సీలు మీ కళ్ల ముందే తీయించండి. బిల్లు మీద "ఇంజిన్ ఆయిల్" అని ఊరికే రాస్తే ఒప్పుకోకండి, గ్రేడ్ రాయించండి. మార్చిన రోజు, కిలోమీటర్లు ఒక చిట్టీ మీద రాసి పెట్టుకోండి. ఆయిల్ నల్లబడిందని భయపడకండి. మసిని తనలో పట్టి ఉంచడం దాని పనే. ఎంత ఉందో మాత్రం నెలకోసారి డిప్‌స్టిక్ తీసి చూసుకోండి. ఎంత మంచి గ్రేడైనా ఇంజిన్‌లో లేనిదే పని చేయదు.

ఇక మా చచ్చా సంగతి. ఒక శుక్రవారం, దుకాణం మూసి ఉన్న పూట, ఆయనా నేనూ కూర్చున్నాం. ఆయన దగ్గరికి ఎక్కువగా వచ్చే ఏడెనిమిది రకాల బళ్ల పుస్తకాలు సంపాదించాను. నేను చదివాను, ఆయన విన్నారు. ప్రతిదానికీ ఒక ప్రశ్న వేశారు, సగం ప్రశ్నలకు నా దగ్గర జవాబు లేదు. ఆయిల్ డబ్బాలు వచ్చిన అట్టపెట్టెను చింపి, దాని మీద స్కెచ్ పెన్నుతో ఉర్దూలో రాశాను: బండి పేరు, గ్రేడ్, లీటర్లు. ఇన్నేళ్ల జర్నలిజంలో నా రాత ఇంత కామ్‌కు వచ్చింది ఇదేనేమో. ఇప్పుడది గ్రీజు మరకలతో ఆయన గోడ మీద వేలాడుతోంది.

మొన్న వెళ్తే ఎవరో కుర్రాడి బండికి ఆయిల్ మారుస్తున్నారు. అలవాటు కొద్దీ ఒక బొట్టు వేళ్ల మధ్య రాశారు. నా వైపు చూసి, చేతిని గుడ్డకు తుడుచుకుని, ఆ కుర్రాణ్ని అడిగారు: "బేటా, బండిల కితాబు ఉన్నదా?"

మీ బండిలోనూ ఉంటుంది. సోంపు పొట్లం కింద వెతకండి. ఆ ఒక్క పేజీని ఫోన్‌తో ఫోటో తీసి పెట్టుకోండి. ఈసారి మీ ఉస్తాద్ దగ్గరికి వెళ్లినప్పుడు చూపించండి. వాదించడానికి కాదు. కూర్చుని, చాయ్ తెప్పించి, ఆయనకు వచ్చిన భాషలో చదివి వినిపించండి.